ముందు ఐపీ సంగతి తేల్చుకో, తర్వాత రౌటర్ కొందువు

ఒంగోలు,
ఆదివారం.

ఒరేయ్ మామా,

నువ్వు పంపిన ఫొటో చూశా. ఎనిమిది యాంటెన్నాలతో ఆ రౌటర్ కాళ్లు పైకెత్తిన పీతలా ఉంది. డబ్బా మీద వీపీఎన్ (నెట్ మీద వేసుకునే రహస్య దారి) అని ఉంది కదా, కొనేద్దామా అంటావు. కాస్త ఆగరా నాయనా.

యాడ్స్‌లో వచ్చే వీపీఎన్ వేరు. నెలనెలా డబ్బు కట్టి ఎవరిదో సర్వర్ గుండా నెట్ చూసుకోవడం అది. నీకు కావాల్సింది కావలి ఆఫీసులో ఉన్న లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీని నెల్లూరులో ఇంట్లో కూర్చుని తెరవడం. అంటే నీ ఆఫీసు రౌటరే సర్వర్ కావాలి, బయటి నుంచి వచ్చే నిన్ను లోపలికి రానివ్వాలి. డబ్బా మీద 'వీపీఎన్ క్లయింట్' అని మాత్రమే ఉంటే లాభం లేదు, అది వేరే సర్వర్‌కి కలవడానికే పనికొస్తుంది. 'పాస్‌త్రూ' అని ఉంటే అసలే వద్దు, అది పక్కకు తప్పుకుని దారి ఇస్తుందంతే.

రౌటర్ కంటే ముందు తేల్చాల్సింది ఇంకోటి ఉంది. ఆఫీసు రౌటర్ పేజీలోకి వెళ్లి వాన్ ఐపీ, అంటే నెట్ వైపు దానికి ఇచ్చిన అడ్రస్ నంబరు, ఎంతో చూడు. తర్వాత గూగుల్‌లో నా ఐపీ ఏంటని వెతుకు. రెండూ ఒకటే అయితే నీ అదృష్టం. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో గానీ, 10తో గానీ మొదలైతే నిన్ను సీజీనాట్ వెనక పెట్టారన్నమాట. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతారు, బయటి నుంచి నీ ఆఫీసు తలుపు తట్టే దారే ఉండదు. అప్పుడు ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా పని జరగదు. నెట్ ఇచ్చే కేబుల్ అతన్ని స్టాటిక్ ఐపీ (మారకుండా నీ ఒక్కడికే ఉండే ఐపీ) ఇస్తావా, ఎంతవుతుంది అని అడుగు. వాన్ ఐపీ 192.168తో మొదలైతే అతను పెట్టిన ఫైబర్ డబ్బానే రౌటర్ పని చేస్తోందని అర్థం. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి నెట్‌ని నీ రౌటర్‌కి దాటించేలా, పెట్టమను. పనిలో పనిగా అప్‌లోడ్ స్పీడ్ కూడా కనుక్కో. ఆఫీసు అప్‌లోడే నీ ఇంట్లో డౌన్‌లోడ్ అవుతుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక రౌటర్. యాంటెన్నాలు లెక్కపెట్టకు, ప్రాసెసర్ చూడు, వైర్‌గార్డ్ అనే కొత్త తరహా వీపీఎన్ పద్ధతికి సర్వర్ ఉందా లేదా చూడు. ఓపెన్‌వీపీఎన్ అనే పాత పద్ధతీ మంచిదే, కానీ డేటాని రహస్యంగా మార్చే ఎన్‌క్రిప్షన్ బరువంతా మామూలుగా ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మీదే పడుతుంది. పాత రౌటర్లలో 300 ఎంబీపీఎస్ లైన్ ఉన్నా 20, 30 దగ్గరే ఆయాసపడుతుంది. వైర్‌గార్డ్ 2020 మార్చిలో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ 5.6లోనే చేరిపోయింది. చిన్న ప్రాసెసర్ మీద కూడా చురుగ్గా నడుస్తుంది. పీపీటీపీ అనే పాతకాలం వీపీఎన్ పద్ధతిని ఎవరైనా అంటగట్టబోతే దండం పెట్టి వచ్చేయ్. దాని పాస్‌వర్డ్ పద్ధతిని 2012లోనే ఛేదించేశారు.

కంపెనీ ఏదంటావా? మైక్రోటిక్‌లో, దాని సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 7 నుంచి వైర్‌గార్డ్ ఉంది. గట్టి సరుకు. చీమకుర్తి ఫ్యాక్టరీకీ ఇక్కడి ఆఫీసుకీ మధ్య మేం వాడేది అదే. కాకపోతే ఆ సెట్టింగ్స్ పేజీ తెరిస్తే నీలాంటివాడికి కళ్లు తిరుగుతాయి. నీకు జీఎల్ ఐనెట్ నయం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, పేజీ సులువు, వైర్‌గార్డ్ సర్వర్ నాలుగు క్లిక్కుల్లో అయిపోతుంది. ఇంట్లోకి రౌటర్ కొననే అక్కర్లేదు, లాప్‌టాప్‌లో వైర్‌గార్డ్ యాప్ చాలు.

ఆఫీసులోనూ ఇంట్లోనూ ఐపీలు 192.168.1తోనే ఉన్నాయేమో చూసుకో. అలా ఉంటే లాప్‌టాప్ ఆఫీసు కంప్యూటర్‌ని ఇంట్లోనే వెతుక్కుంటా కూర్చుంటుంది. ఆఫీసులో 192.168.47 లాంటిదేదో పెట్టేయ్.

ట్యాలీ డేటా ఫోల్డర్‌ని వీపీఎన్ మీద నేరుగా తెరవకు. ఒక్క వోచర్‌కి వందసార్లు అటూ ఇటూ తిరుగుతుంది, నీ ఓపిక చచ్చిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్లి అక్కడే పని చేసుకో. దాని కోసం ఆ కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉండాలి. వీపీఎన్ తలనొప్పి లేకుండా రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు (నెట్‌లో తలుపు లాంటిది) ఒక్కటి బయటికి తెరిచేస్తే సరిపోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, చెవిన పెట్టకు. ఆ పోర్టు కోసం, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు రాత్రింబవళ్లు గాలిస్తా ఉంటాయి. క్లయింట్ల లెక్కలన్నీ తాళం పడితే జీఎస్టీ గడువు రోజున నీ టెన్షన్ నేను చూడలేను.

కరెంటు సంగతి నీకు చెప్పేదేముంది. రౌటర్‌కీ ఫైబర్ డబ్బాకీ చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టు, కానీ ఒక్కోదానికి ఎన్ని వోల్టులో అడాప్టర్ మీద చదివి పెట్టు. కంప్యూటర్ బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగ్స్) కరెంటు రాగానే తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని పెట్టకపోతే స్విచ్ నొక్కడానికి కావలి దాకా పరిగెత్తాల్సి వస్తుంది.

ఐపీ సంగతి తేలగానే ఫోన్ చెయ్, మిగతాది ఇద్దరం కలిసి చేసేద్దాం. వైర్‌గార్డ్ క్యూఆర్ కోడ్ మాత్రం స్క్రీన్‌షాట్ తీసి నాకు వాట్సాప్ చేయకు. అందులో నీ ప్రైవేట్ కీ, అంటే నీ రహస్య తాళంచెవి ఉంటుంది.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ,
ఒంగోలు మామ