పల్లె సంఘాల కాపరుల పేర్ల కోసం: తమిళనాడు ఆర్కైవ్స్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నేను ఒకప్పటి నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోని ఒక పల్లె బాప్తిస్టు సంఘంలో పుట్టి, ఉద్యోగరీత్యా చెన్నై చేరి, పెరంబూరులో స్థిరపడినవాణ్ణి. మా ఊరి సంఘం చరిత్రను, అక్కడ సేవచేసిన కాపరుల, అంటే పాస్టర్ల, చరిత్రను రాసిపెట్టే బాధ్యతను సంఘ పెద్దలు నాకు అప్పగించారు. ఈ పనిలో పడిన తరువాత నాకు అర్థమైనది ఒకటే: మా సంఘాల చరిత్రలో మిషనరీల భాగం అమెరికాలో అచ్చై భద్రంగా ఉంది, కాపరుల భాగం కొంత సంఘ తీర్మానాలు రాసుకునే, చెదలు పట్టిన మినిట్సు పుస్తకాల్లోను, కొంత మీ అధీనంలో ఎగ్మూరులో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ దస్త్రాల్లోను చెల్లాచెదురుగా ఉంది. ఆ దస్త్రాల్లోని భాగాన్ని పల్లె సంఘాలవాళ్ళు వెతుక్కోగలిగేలా తెలుగులో ఒక సూచికను మీ శాఖ తయారుచేయించాలని కోరడానికే ఈ లేఖ.

ఆంధ్రప్రదేశ్‌లోని పల్లె సంఘాల సంగతి తమిళనాడు అధికారికి ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆ ఊళ్ళన్నిటికీ ప్రభుత్వం ఉన్నది చెన్నపట్నంలోనే. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోను, తరువాత గుంటూరు జిల్లాలోను ఉంది; కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లా వచ్చేవరకు నెల్లూరులోనే ఉన్నాయి. ఏ జిల్లాలో ఉన్నా, బడికి గ్రాంటు అడిగినా, పెళ్ళి జరిపే లైసెన్సు అడిగినా, ప్రభుత్వ స్థాయిలో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు చేరింది మద్రాసుకే. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా వెలసిన మీ కార్యాలయం అందుచేత మా జిల్లాలకు కూడా పాత కచేరీయే.

తెలుగు బాప్తిస్టుల కథ మొదలైన చోట్లలో మద్రాసు కూడా ఒకటి. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం వైపు దిగి, 1837లో మద్రాసు వచ్చి, ఇక్కడ కొన్నేళ్ళు పనిచేసిన తరువాతనే 1840లో నెల్లూరు వెళ్ళాడు. ఆ తరువాత చాలా ఏళ్ళపాటు ఫలితం కనబడక, ఈ మిషనును మూసివేద్దామనే చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు పక్కన కొండమీద ప్రార్థించిన అయిదుగురిని మా సంఘాలవాళ్ళు ఇప్పటికీ తలచుకుంటారు; ఆ అయిదుగురిలో మిషనరీలైన జూయెట్ దంపతులు పోగా మిగిలిన ముగ్గురూ, అంటే క్రిస్టియన్ నర్సు (ఇది మనిషి పేరే), జూలియా, రూతు, ఈ దేశపువాళ్ళే. జూయెట్‌ను గురించి పేజీలకు పేజీలు దొరుకుతాయి. రూతు ఏ ఇంటి ఆడపడుచో, తరువాత ఏమైందో తెలుసుకోవాలంటే ఒక్క పేరా దొరకడం గగనం.

1866లో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. క్లౌ రాకముందే, తోళ్ళ వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ యోగి దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగి, ఏలూరు వైపు మిషనరీలనుంచి సువార్త విని, తన చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పడం మొదలుపెట్టాడు. నా దృష్టిలో ఒంగోలు పల్లెల్లో సంఘాలు కట్టింది ఈ వరసే: ముందు చుట్టరికాలు, సంతలు, తోళ్ళ బేరాల దారుల్లో మాట పాకింది, దొరగారు తరువాత వచ్చి బాప్తిస్మం ఇచ్చి, పేర్లు రాసుకున్నారు. అయితే పేర్లు రాసుకున్నవాళ్ళ చేతిలోనే కాగితం ఉండిపోయింది గనుక కథ వాళ్ళవైపునుంచి నిలిచింది.

1876 నుంచి 1878 దాకా వచ్చిన మహా కరవు దీనికి పెద్ద నిదర్శనం. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరుతో నిలిచిన కాలువ తవ్వకాన్ని ప్రభుత్వం కరవు పనిగా నడిపింది. మన చెన్నై నగరంలో కూవం, అడయారు నదులను కలిపే భాగం తవ్వింది కూడా ఆ కరవులోనే, 1877–78లో. అదే కాలువలో ఒంగోలు దగ్గర మూడు మైళ్ళకు పైబడిన భాగాన్ని, అంతకుముందు సర్వేయరుగా పనిచేసిన క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆ తవ్వకంలో కూలీలమీద మేస్త్రీలుగా నిలబడింది ఆయన బోధకులు, మా పల్లెల ఉపదేశులు. పగలు కొలతలు, కూలి లెక్కలు. విరామం దొరికినప్పుడు గుంపులుగా కూర్చున్నవాళ్ళకు వాక్యం. తిండికోసం మతం మారారన్న మాట పడకూడదని కరవు సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయం పంచడం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఈ 2,222 అనే అంకె ప్రపంచమంతా తిరిగింది. ఆ నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినది మాత్రం అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు. ఒకసారికి ఇద్దరు చొప్పున దిగి, వాళ్ళు అలసిపోతే మరో ఇద్దరు దిగుతూ, మధ్యాహ్నం కాస్త ఆగి, సాయంత్రానికి ముగించారు. క్లౌ పేరు ఒంగోలులో ఆసుపత్రికి ఉంది. ఈ ఆరుగురి పేర్లు చెప్పమంటే మా సంఘాల్లో పండు వృద్ధులు కూడా తడుముకుంటారు. ఇది నాకు బాధ కలిగించే విషయం. అయితే ఇందుకు మిషనరీలను మాత్రమే తప్పుపట్టలేను, ఎందుకంటే తమ తరువాతి తరాల కాపరుల పేర్లనైనా భద్రపరచుకోవలసినది మేమే.

తరువాతి తరాల సంగతికి వస్తే, పల్లె కాపరి అంటే ఆదివారం ప్రసంగం చెప్పే మనిషి మాత్రమే కాదు. ఆయనే పంతులు, పగలు మట్టిగోడల బడిలో అక్షరాలు దిద్దించేవాడు, రాత్రి పెద్దవాళ్ళకు పాటలూ వాక్యాలూ కంఠతా పట్టించేవాడు, ఊరి మునసబుకు అర్జీ రాసిపెట్టేవాడు. జీతం రూపాయల్లో కొంతే. మిగిలినది పిడికిలి బియ్యం, కోత కాలంలో కళ్ళంనుంచి వచ్చే జొన్నలు, సజ్జలు, పండుగకు ఒక పంచె. ఏడాదికి నాలుగుసార్లు ఒంగోలులో జరిగే కూటాలకు నడిచివెళ్ళి, తమ తమ ఊళ్ళ సంగతులు చెప్పుకుని, రామపట్నం వేదాంత పాఠశాలలో చదివినవాళ్ళనుంచి కొత్త పాఠాలు నేర్చుకుని వచ్చేవారు. కాపరి భార్య ఆడవాళ్ళకు చదువు చెప్పేది, కాన్పులకు పోయేది, జబ్బుపడినవాళ్ళ ఇళ్ళకు పోయేది. ఆమెకు జీతమూ లేదు, మా పుస్తకాల్లో చాలాచోట్ల పేరూ లేదు. "అమ్మగారు" అని మాత్రమే ఉంటుంది.

మా సంఘం పుస్తకాల్లో మిగిలినవి రెండే. ఒకదానిలో సభ్యుల పేర్లు, సంఘ బహిష్కారాలు, ప్రభు బల్లకు తిరిగి చేర్చుకున్న సంగతులు ఉన్నాయి; రెండోది కానుకల లెక్క. కాపరులు ఎవరెవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారో వాటిలో తెగిపోయిన ముక్కలుగానే దొరుకుతుంది. ఈ స్థితి మా ఒక్క ఊరిది కాదు, బాప్తిస్టు విధానంలోనే దీనికి కారణం ఉంది. కథోలికులకు, దక్షిణ ఇండియా సంఘానికి బిషప్పు ఉంటాడు, డయాసిస్ కచేరీ ఉంటుంది. బాప్తిస్టులలో ప్రతి సంఘమూ స్వతంత్రం. తన కాపరిని తానే పిలుచుకుంటుంది, తన పుస్తకం తానే రాసుకుంటుంది. శిశువులకు బాప్తిస్మం లేదు గనుక పుట్టిన పిల్లల జాబితా కూడా మా దగ్గర ఉండదు. 1962లో తెలుగు బాప్తిస్టు సంఘాల సమావేశం ఏర్పడి నెల్లూరు కేంద్రంగా ఒక గొడుగు వచ్చినా, అంతకుముందటి పల్లె పుస్తకాలు పల్లెల్లోనే, పాస్టరు గారి ట్రంకు పెట్టెల్లోనే ఉండిపోయాయి. పెట్టె పోతే చరిత్ర పోయినట్లే.

అందుకే ప్రభుత్వ దస్త్రాలు మాకు ఇంత ముఖ్యం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం, దేశీయ క్రైస్తవుల మధ్య వివాహ ధ్రువపత్రాలు ఇచ్చే లైసెన్సును ప్రభుత్వం ఎవరికి ఇచ్చినా, ఎవరినుంచి తీసివేసినా గెజెట్‌లో ప్రకటించాలి. అంటే ఆ లైసెన్సు పొందిన పల్లె కాపరి పేరు ఏదో ఒక ఏడాది మద్రాసు ప్రభుత్వ గెజెట్ అయిన ఫోర్ట్ సెంట్ జార్జి గెజెట్‌లో అచ్చయి ఉండాలి. బడి గ్రాంటు పొందినచోట విద్యాశాఖ కాగితాల్లో పంతులు గారి జాడ దొరకడానికి వీలుంది. కాలువ కాంట్రాక్టుకు, కరవు పనులకు సంబంధించిన ప్రొసీడింగ్సు పబ్లిక్ వర్క్సు, రెవిన్యూ శాఖల కింద వెతకవలసి ఉంటుంది.

చిక్కేమిటంటే, పాత ప్రభుత్వ దస్త్రాలకు సూచికలు ఇంగ్లీషులో, శాఖలవారీగా, సంవత్సరాలవారీగా ఉంటాయి. పల్లెనుంచి వచ్చేవాడికి తెలిసింది ఊరి పేరు, తాతగారి పేరు. శాఖ పేరో, ఏడాదో కాదు. పైగా ఇంగ్లీషు కాగితాల్లో మనుషుల పేర్లు ఇంటిపేరు లేకుండా, ఒక్కో గుమాస్తా చెవికి వినబడినట్లు ఒక్కో రకంగా ఉంటాయి. ఊరి పేరు, తాలూకా, మిషను కేంద్రం, పేరు రాసిన తీరులు పక్కపక్కన చూపే తెలుగు సూచిక ఒకటి ఉంటే, ఎగ్మూరుదాకా రాలేనివాళ్ళు కూడా ఫలానా గెజెట్‌లో ఫలానా పేజీ నకలు కావాలని ఉత్తరం రాయగలుగుతారు. ముందుగా నెల్లూరు, గుంటూరు జిల్లాలు చాలు. 1872నుంచి 1953దాకా గెజెట్ లైసెన్సులతో మొదలుపెడితే పని హద్దుల్లో ఉంటుంది. కరవు, కాలువ దస్త్రాలు తరువాతి విడతలో చూడవచ్చు.

మరో మనవి ఉంది. పల్లెల్లో మిగిలిన మినిట్సు పుస్తకాలను అడిగి తీసుకోవద్దు. సంఘాలు ఇవ్వవు, ఇవ్వకపోవడం న్యాయమే. మీ శాఖవారు కాగితం మరమ్మతులో నిపుణులు గనుక, ఆంధ్రప్రదేశ్ ఆర్కైవ్స్‌తో కలిసి ఒంగోలులోనో నెల్లూరులోనో ఒక శిబిరం నడిపి, పుస్తకాలను స్కాన్ చేసి, కాగితాన్ని ఎలా భద్రపరచాలో చూపించి, అసలు పుస్తకాన్ని అదే రోజు వాళ్ళ చేతిలో పెట్టి పంపితే మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. మా సంఘాల్లో అధికులు మాదిగ, మాల కుటుంబాలవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా వర్తించదు. పాత సభ్యుల పట్టికలోని ఒక పేరు ఈనాటి మనవడి సర్టిఫికేటుకు అడ్డంకిగా వాడబడే ప్రమాదం నిజంగానే ఉంది. కాబట్టి స్కాన్ చేసిన పుస్తకాల్లోని సభ్యుల జాబితాలను, క్రమశిక్షణ తీర్మానాలను బహిరంగం చేయకూడదు. కాపరుల పేర్లు, వారు సేవచేసిన ఊళ్ళు, కాలాలు మాత్రం ప్రచురిస్తే చాలు. ఈ షరతు లేకపోతే ఏ సంఘ పెద్దా పుస్తకం బయటికి తీయడు, నేను కూడా తీయమని చెప్పను.

పెరంబూరు, వ్యాసర్పాడి ప్రాంతాల తెలుగు సంఘాల్లో పాత తెలుగు చేతిరాత చదవగల విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఉన్నారు. సూచిక తయారీలో ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు గుర్తుపట్టి సరిచూసే పనిని మీ సిబ్బంది పర్యవేక్షణలో ఉచితంగా చేయడానికి కొందరు ఇప్పటికే ఒప్పుకున్నారు. మీరు అనుమతి ఇచ్చి, ఎవరిని కలవాలో తెలియజేస్తే, మేము మొదట కనిగిరి, పొదిలి తాలూకాల ఊళ్ళ జాబితాతో వచ్చి పని ప్రారంభిస్తాము.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పల్లె బాప్తిస్టు సంఘ సభ్యుడు,
పెరంబూరు, చెన్నై