గుణుపురం తాతకి, ఇంకొందరికి కృతజ్ఞతలు

నిన్న రాత్రి పదకొండింటికి ట్రాక్టర్ బాగైంది. చేతులకి గ్రీజు ఇంకా వదల్లేదు. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

మాది ఒడిశాలో కాశీనగర్ పక్క. బండి 2009 నాటిది, మామిడి, జీడి వరుసల మధ్య తిరిగే చిన్నది. కొన్నాళ్లుగా క్లచ్ అడుక్కి తొక్కినా ముందుకి పాకుతోంది, గేరు వేస్తే గరగరమంటోంది. మంగళవారం గేర్లో ఉందని చూసుకోకుండా తాళం తిప్పాను. ఒక్క దూకుతో పశువులశాల గోడ కూలింది. కుడితి తొట్టె దగ్గర నాన్న ఉన్నారు. రెండడుగుల్లో తప్పింది.

క్లచ్ ప్లేటు పోయింది, ఇంజిను గేర్‌బాక్సు విడదీయాలన్నాడు మెకానిక్. పెడల్ నుంచి క్లచ్‌కి వెళ్లే రాడ్డు పట్టుకుని పర్లాకిమిడి వెళితే, ఆ మోడల్ పార్టులు రావట్లేదన్నారు. ఆంధ్రా వైపు పాతపట్నంలో అడిగితే "ఒడిశా నంబరా? మీ డీలర్ దగ్గరికే వెళ్లండి" అన్నారు. 1936లో ఒడిశాని విడదీస్తూ గీసిన గీత పిన్నులకీ బుష్షులకీ కూడా ఉందన్నమాట! బండి అమ్మేటప్పుడు మాత్రం ఏ గీతా అడ్డం రాలేదు.

పర్లాకిమిడి కౌంటర్ దగ్గర నా వెనక ఆయిల్ సీలు కోసం నిలబడ్డ పెద్దాయన ఆ రాడ్డు అడిగి తీసుకున్నారు. కన్నంలో వేలు పెట్టి తిప్పారు. "కోడిగుడ్డులా అయిపోయింది బాబూ. ప్లేటు జోలికి పోకు" అన్నారు. గుణుపురంలో పాత టిల్లర్లు బాగుచేస్తారట. నిన్న పొద్దున్నే బస్సు దిగి మా ఇంటికొచ్చేశారు!

పెడల్ షాఫ్టు చుట్టూ ఉండే గొట్టం, అదే బుష్షు, అరిగి పెడల్ పక్కకి ఒరుగుతోంది. రాడ్డు పిన్ను సగానికి అరిగింది. తొక్కిన తొక్కుడంతా ఆ లూజులోనే పోతోంది, క్లచ్ దాకా చేరట్లేదు. మరి రాడ్డు బిగిస్తే సరిపోదా అని అడిగాను. పెడల్‌కి కాస్త ఖాళీ ఆట (ఫ్రీ ప్లే) లేకుండా బిగిస్తే క్లచ్ బేరింగ్ ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతుందన్నారు. కొత్త బుష్షు, పిన్ను లేత్ మీద చేయించారు, కన్నం వెల్డింగ్‌తో పూడ్చి మళ్లీ తొలిపించారు. పెడల్ దగ్గర స్కేలు పెట్టి 25 మిల్లీమీటర్ల ఆట ఉంచారు.

తర్వాత టార్చి వేసి లోపలికి చూశారు. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తీసుకునేలా పెట్టే స్విచ్చి ఉంటుంది కదా, దాని రెండు వైర్లూ ముడేసి ఉన్నాయి. మూడేళ్ల కిందట స్విచ్చి పాడైతే అలా ముడేయించింది నేనే. బండి దూకింది అందుకే. తిడతారనుకున్నాను. తల పైకెత్తి, "ఆ రోజు ఎవరికీ తగల్లేదు గదా బాబూ?" అన్నారు. అంతే, చక్రం పక్కన కూలబడి ఏడ్చేశాను. ఆయన స్పానరు కింద పెట్టి, నేను తేరుకునేదాకా ఏమీ మాట్లాడకుండా పక్కనే కూర్చున్నారు.

కొత్త స్విచ్చి పెట్టారు. ఇప్పుడు క్లచ్ తొక్కకపోతే తాళం తిప్పినా ఉలకదు. పార్టుల డబ్బూ బస్సు ఛార్జీ తప్ప రూపాయి ముట్టలేదు. పేరు రాయొద్దన్నారు. తాతా, ఎవరైనా చదివి వినిపిస్తే ఇది మీకే.

డబ్బు సర్దిన బావకి, టార్చి పట్టిన తమ్ముడికి, మూడుసార్లు అన్నం వేడి చేసిన మా ఆవిడకి కూడా.

అయ్యో, లేత్ కుర్రాడు! భోజనం మానేసి బుష్షు తిప్పిచ్చాడు. రాడ్డు బస్సులో మర్చిపోతే దాచి ఇచ్చిన కండక్టర్ గారు. జాకీ ఇచ్చిన పక్కింటి మాస్టారు... మాస్టారూ, అది ఇంకా మా శాలలోనే ఉంది, పొద్దున్న పంపిస్తాను.