ఉప్పు మూట అరుగు మీదే తడుస్తోంది, కలెక్టర్ గారూ

చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను బంగారుపాళ్యం మండలంలో ఉండే రిటైర్డ్ సైన్సు టీచర్ని. పోయిన మామిడికాయల సీజన్లో కల్లుప్పు కోసం మా ఊరి అంగడికి పోయినాను. రాత్రి అంగడి మూసినా ఉప్పు మూట అరుగు మీదే ఉంటుంది. ఉప్పును ఎవరూ ఎత్తుకుపోరని మనవాళ్ల ధైర్యం. ముందురోజు వాన పడింది. మూట అడుగంతా తడిసి, అరుగు మీదికి కారిన నీళ్లు తెల్లగా చార కట్టాయి. గోతాం మీద ఇంగ్లీషులో పరిశ్రమల వాడకానికి మాత్రమే అని ఉంది. అంగడాయన మాత్రం దాన్నే డబ్బాతో కొలిచి ఇస్తున్నాడు. "ఆవకాయకీ ఇదే, పులుసుకీ ఇదే సార్" అన్నాడు.

మా బంధువులమ్మాయి ఆశా కార్యకర్త. ఉప్పులో అయోడిన్ ఉందో లేదో తేల్చే పరీక్ష సీసా ఆమె దగ్గరుంది, దానితో ఇంట్లోనే చూశాం. సాసరులో రెండు చిన్న కుప్పలు పోసి, ఒక్కోదాని మీద రెండు చుక్కలు వేసింది. ప్యాకెట్టు ఉప్పు నేరేడుపండు రంగుకు తిరిగింది, అంటే అయోడిన్ ఉన్నట్టు. మూటలోది తెల్లగానే ఉండిపోయింది. రెండో సీసాలోని ద్రవం వేసి మళ్లీ చూసినా అంతే.

అయోడిన్ కలపని ఉప్పును మనుషులు తినడానికి అమ్మకూడదని 2006 నుంచి దేశమంతా నిషేధం ఉంది. మన చేతికి వచ్చేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. తేమ తగిలితే కలిపినది కూడా తగ్గిపోతుంది. అంటే అయోడిన్ ఉప్పు తెచ్చినా ఇట్లా అరుగు మీద పెడితే సగం కష్టం వృథానే.

అయోడిన్ చాలకపోతే వచ్చే గొంతు వాపు (గాయిటర్) కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. అసలు నష్టం కనబడదు. గర్భిణికి అయోడిన్ చాలకపోతే కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250 చాలు. జీవితమంతటికీ కలిపినా టీస్పూను నిండదు. ఈ గొంతు వాపును అరికట్టే జాతీయ పథకం 1962లో మొదలైంది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లకూ మా అరుగు దాకా రాలేదు.

ఇంకో విడ్డూరం చెప్పాలి. రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలిపి ఇచ్చిన పోషకాల గింజను మా వీధిలో ఆడవాళ్లు ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 ఉన్న గింజ మీద అనుమానం, ఏమీ లేని ఉప్పు మీద నమ్మకం! వాళ్లను తప్పుపట్టలేను. ఎవరైనా కూర్చుని చెప్తే కదా.

అందుకే అడుగుతున్నాను. అంగన్‌వాడీలు, హాస్టళ్లు, బడి వంటగదుల్లో వాడే ఉప్పును నెలకోసారి ఈ చుక్కలతో పరీక్ష చేయించండి. ఆశా కార్యకర్తలందరికీ సీసాలు ఇప్పించండి, గడువు దాటినవి కాదు. తెల్లగా ఉండిపోయిన ఉప్పును ల్యాబుకు పంపించండి. తినే ఉప్పు కాదన్న మాట గోతాం మీద తెలుగులో పెద్దగా ఉండాలి. కల్లుప్పు మానమని చెప్పొద్దు, మా ఆడవాళ్లు వినరు. అయోడిన్ కలిపిన కల్లుప్పు ప్యాకెట్లు కూడా వస్తున్నాయి, అవి పల్లె అంగళ్లకు చేరితే చాలు.

అంగడాయన మీద మొదటి రోజే కేసు రాయించకండి సార్. ఆయన కోడలికి ఇప్పుడు ఐదో నెల. వాళ్లింటి పులుసులోకీ ఆ మూటలోదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు టీచర్,
బంగారుపాళ్యం మండలం