ఆదివారం ఓటరు నమోదు – పర్లాకిమిడి తెలుగు విద్యార్థుల గ్రూప్

అందరికీ నమస్తే. ఈ ఆదివారం ఉదయం 9 గంటలకి మన లైబ్రరీ వరండాలో కూర్చుందాం. కొత్త ఓటర్లకి ఫారం 6 ఫోన్‌లోనే నింపేద్దాం.

జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. ఈ నాలుగు తేదీల్లో ఏ ఒక్కదానికి 18 నిండినా చాలు. 17 నిండినవాళ్ళు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫస్టియర్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ గురించే చెప్తున్నా.

టెన్త్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్, పాస్‌పోర్ట్ ఫోటో, ఓటీపీ వచ్చే ఫోన్ తెచ్చుకోండి. ఛార్జింగ్ ఫుల్‌గా పెట్టుకుని మరీ రండి.

పాతపట్నం, గుణుపూర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాళ్ళు ఇంటి దగ్గరో, ఇక్కడో ఒక్కచోటే పెట్టాలి. ఇక్కడైతే ఈ కాలేజీలో చదువుతున్నట్టు ప్రిన్సిపాల్ గారి సంతకంతో బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి, శనివారంలోగా తీసుకోండి. ఇంటి దగ్గర ఇప్పటికే ఉన్న ఓటుని ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 6 కాదు, ఫారం 8.

ఇంకో మాట. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఫారంలో అది చివర. నేను చూసుకోకుండా నొక్కేశాను. కార్డు మీద మా ఇంటిపేరే నా పేరై కూర్చుంది! మా అమ్మ నెలరోజులు అలాగే పిలిచి ఏడిపించింది. ఒడియాలో పడిన పేరు కూడా చదివించుకున్నాకే సబ్మిట్ నొక్కండి. ఒడియా బాగా వచ్చినవాళ్ళు ఇద్దరు నా పక్కన కూర్చోవాలి, ఎవరొస్తారు?

వచ్చేవాళ్ళు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి. బొటనవేలు ఎమోజీ లెక్కలోకి రాదు.

టీ నాది, మిక్చర్ మీది.