ఔట్‌లెట్ ట్యాగు మీద కొట్టేసిన ఆ రేటు ఎక్కడిది? యూరోపియన్ కమిషనర్ గారికి ఒక టూరిస్టు లేఖ

యూరోపియన్ కమిషన్‌లో వినియోగదారుల రక్షణ చూస్తున్న కమిషనర్ గారికి నమస్కారం.

నేను మీ పౌరుణ్ణి కాదండి, మీ దగ్గరికి సెలవులకి వచ్చి వెళ్ళినవాణ్ణి. అయినా రాస్తున్నా, ఎందుకంటే పెద్ద బ్రాండ్ల షాపులన్నీ ఒకచోట తగ్గింపు రేటుకి అమ్మే డిజైనర్ ఔట్‌లెట్లు సిటీ నుంచి బస్సులు వేసి మరీ పిలుచుకునేది మాలాంటి వాళ్ళనే కదా, అక్కడ మాకు జరిగేది కూడా మీకు తెలియాలి.

మాకు ఉన్నది ఎనిమిది రోజులు. అందులో ఒక పూర్తి రోజు ఔట్‌లెట్‌కి ఇచ్చేశాం, అమ్మకి ఒక మంచి బ్యాగ్ కొనాలని అక్క ఎప్పట్నుంచో అనుకుంటోంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం, తిరుగు బస్సు సాయంత్రం ఐదింటికి, ఈలోగా వందకి పైగా షాపులు, ఏది చూడాలో ఏది వదిలేయాలో తేలక మధ్యాహ్నానికే అమ్మ కాళ్ళు పట్టేశాయి. చివరికి ఒక షాపులో లెదర్ బ్యాగ్ నచ్చింది. ట్యాగు మీద 390 యూరోలు అన్నది గీత గీసి కొట్టేసి కింద 234 అని ఉంది. అమ్మ రెండుసార్లు తీసి మళ్ళీ అక్కడే పెట్టేసింది, తనకోసం అంత డబ్బు ఎప్పుడూ పెట్టుకోలేదు. "అమ్మా, 156 యూరోలు తగ్గింది, ఇంకెక్కడ దొరుకుతుంది" అని అక్కే ఒప్పించి బిల్లు వేయించింది.

మర్నాడు సిటీలో అదే బ్రాండు వాళ్ళ పెద్ద షాపు కనబడితే, బ్యాగుకి జోడీగా పర్సు దొరుకుతుందేమో అని లోపలికెళ్ళాం. అక్కడి అమ్మాయి లోపలి కోడ్ చూసి, ఇది ఔట్‌లెట్ కోసం చేసిన మోడల్ అండి, మా షాపుకి ఎప్పుడూ రాలేదు అని మర్యాదగానే చెప్పింది. అమ్మ ఏమీ అనకుండా బ్యాగ్ కవర్లో పెట్టేసుకుంది. అక్క మొహం చూడలేకపోయాను.

షాపుకే ఎప్పుడూ రాని బ్యాగుకి 390 రేటు ఎక్కడ పుట్టింది? ఎవరు ఎప్పుడు ఎక్కడ ఆ రేటుకి అమ్మారు? ఈ రెండు ప్రశ్నలకి జవాబు కోసమే ఈ లెటర్.

బ్యాగ్ నాసిరకం అనట్లేదండి, కుట్టు బానే ఉంది. 234కి ఇది ఔట్‌లెట్ కోసమే చేశాం అని ముందే చెప్పుంటే బహుశా అప్పుడూ కొనేవాళ్ళమే. కానీ మేం కొన్నది బ్యాగుని చూసి కాదు, ఆ కొట్టేసిన రేటుని చూసి.

ఔట్‌లెట్ అంటే మా మనసులో ఉన్నది వేరే. జర్మనీలో మెట్జింగెన్ చూడండి, హ్యూగో బాస్ బట్టల బ్రాండు పుట్టిన ఊరు, అక్కడ ఫ్యాక్టరీ సరుకు పక్కనే తక్కువకి అమ్మడంతో మొదలై ఇవాళ ఊరే ఔట్‌లెట్ అయిపోయింది. మిగిలిన సరుకు, పోయిన సీజన్ సరుకు, చిన్న లోపం ఉన్న సరుకు, అందుకే చవక, అది అర్థమయ్యే లెక్క. పారిస్ దగ్గర లా వాలే విలేజ్, మిలాన్ జెనోవాల మధ్య సెరావాలే, రెండూ 2000లో తెరిచిన ఔట్‌లెట్లే, నెదర్లాండ్స్‌లో రూర్మోండ్ ఉంది, ఇలాంటి చోట్లకి సెలవుల్లో ఒక రోజు పెట్టుకుని వచ్చే మనిషి ఆ పాత లెక్క నమ్మే వస్తాడు. ఔట్‌లెట్ల కోసమే విడిగా తయారు చేయించడం ఈ వ్యాపారంలో ఎప్పట్నుంచో ఉన్నదే, 2014లో అమెరికాలో నలుగురు చట్టసభ సభ్యులు దీని మీదే అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి లెటర్ రాశారు. విడిగా చేయించడం తప్పనట్లేదు, దాచి అమ్మడం తప్పంటున్నా.

మీ దగ్గర చట్టాలు లేవని కాదు. 2022 మే 28 నుంచి, రేటు తగ్గించాం అని చెప్పే షాపు అంతకు ముందు 30 రోజుల్లో తను అమ్మిన అతి తక్కువ రేటు చూపించాలనే రూల్ అమల్లో ఉంది. 2024 సెప్టెంబర్‌లో మీ యూరోపియన్ యూనియన్ కోర్టు అరటిపండ్లు, పైనాపిల్ యాడ్ కేసులో, తగ్గింపు శాతం కూడా ఆ 30 రోజుల రేటు మీదే లెక్కకట్టాలని తేల్చింది. పండ్ల రేటు దగ్గరే అంత గట్టిగా ఉన్నవాళ్ళు. కానీ ఆ రూల్ షాపు తన సొంత పాత రేటుతో పోల్చినప్పుడే, ట్యాగు మీద ఉన్నది కంపెనీ సిఫార్సు చేసిన రేటు అంటే దానికి 30 రోజుల లెక్క వర్తించదు, జనాన్ని తప్పుదారి పట్టించారా లేదా అని ఒక్కో కేసు విడిగా తేల్చుకోవాల్సిందే. ఐదింటికి బస్సున్న మనిషి ఏం తేల్చుకుంటాడండి?

ఇంకో మాట. ఒకే బ్రాండు సరుకుని ఒక దేశంలో ఒకలా, ఇంకో దేశంలో బాగా తేడాగా చేసి రెండూ ఒకటేనని అమ్మితే, సరైన కారణం లేకపోతే అది మోసం కిందకి రావచ్చని మీరే 2019లో చట్టంలో చేర్చారు. దేశానికీ దేశానికీ మధ్య తేడా మీకు కనబడింది కదా, ఒకే దేశంలో సిటీ షాపుకీ గంట దూరంలో ఉన్న ఔట్‌లెట్‌కీ మధ్య తేడా ఎందుకు కనబడకూడదు?

తిరిగిచ్చేయొచ్చు కదా అంటారేమో. ఆన్‌లైన్‌లో కొంటే మీ చట్టం 14 రోజులు ఇస్తుంది, షాపులో కొన్నదానికి ఆ హక్కు లేదు, ఆ షాపు దయ. దయ చూపినా ఇంకో రోజు, ఇంకో బస్సు, మాకు మిగిలింది రెండు రోజులే. దానికితోడు ట్యాక్స్ రీఫండ్, అంటే మాలాంటి టూరిస్టులు కొన్నదాని మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోవడం. దానికి కొన్న సరుకు ఫ్రాన్స్‌లో 100 యూరోలు దాటాలి, ఇటలీలో 70, జర్మనీలో 50, ఆ గీత దాటించడానికి అవసరం లేని బెల్టు కూడా బుట్టలో వేసుకుంటాం, తర్వాత ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ ముద్ర కోసం నిలబడతాం, అప్పటికి బ్యాగ్ గురించి పోట్లాడే ఓపిక ఎవరికుంటుంది?

కాబట్టి అడిగేది ఇదే. ఔట్‌లెట్ కోసమే తయారైన సరుకైతే ఆ మాట ట్యాగు మీద, రేటు పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. కొట్టేసిన రేటు వేస్తే ఆ వస్తువు ఏ షాపులో ఏ సీజన్‌లో ఆ రేటుకి అమ్మారో రాయాలి, రాయలేకపోతే ఆ రేటే వేయకూడదు. పాత సీజన్ సరుకు నిజంగా పెట్టి నిజాయితీగా అమ్మే షాపులూ అక్కడ ఉన్నాయి, వాళ్ళకీ ఇది మంచిదే, ఇప్పుడు ఎవరు ఏమిటో మాకు తెలియట్లేదు.

అమ్మ ఆ బ్యాగ్ వాడుతోంది, అక్క బాధపడుతుందని. ట్యాగు, బిల్లు మాత్రం నా దగ్గరే దాచాను. మీ ఆఫీసు అడిగితే రెండూ ఫోటో తీసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక టూరిస్టు