పేనుకొరుకుడుతో పద్నాలుగు నెలలు: తోడున్నవాళ్ళకు కృతజ్ఞతలు

జుట్టు బిళ్ళలు బిళ్ళలుగా ఊడిపోయే పేనుకొరుకుడు 57 ఏళ్ళకేమిటని మొదట నేనే నవ్వాను. అది పిల్లలకో, గడ్డం మొలుస్తున్న కుర్రాళ్ళకో వచ్చేదనుకునేదాన్ని.

మొదట చూసింది మా ఆడపడుచు. తల దువ్వుతున్నదల్లా చెయ్యి ఆపి, "వదినా, చెవి వెనక బిళ్ళంత మేర నున్నగా ఉంది, నొప్పేమైనా ఉందా?" అంది. నొప్పి లేదు, దురదా లేదు. అప్పటికప్పుడు ఫొటో తీసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే కిటికీ దగ్గర కూర్చోబెట్టి తీసింది. డాక్టరుగారికి నా మాటలకన్నా ఆ ఫొటోలే ఎక్కువ చెప్పాయి.

అంతకుముందు వెళ్ళినచోట, ఈ వయసులో జుట్టు రాలక ఏం చేస్తుందని విటమిన్ మాత్రలు రాసి పంపేశారు. రెండు నెలలు అలా పోయాయి. ఈలోగా నల్లవెంట్రుకలు రాలాయి గానీ తెల్లవి చాలావరకు నిలిచాయి. "ఇంతలోనే నెరిసిపోయావే!" అన్నారు చూసినవాళ్ళు. నెరవలేదమ్మా, నల్లవి ఖాళీ చేసి వెళ్ళాయంతే.

చర్మవైద్యులు తలకన్నా ముందు గోళ్ళు చూశారు. సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు, నేనెప్పుడూ గమనించలేదు. భూతద్దంలో మచ్చ అంచున వెంట్రుకలు చూపించారు. కుదురు దగ్గర సన్నం, పైన లావు, అచ్చం ఆశ్చర్యార్థకం గుర్తే. ఒంటిని కాయాల్సిన టి కణాలే కుదుళ్ళ మీద పడుతున్నాయని, కుదురు చచ్చిపోదు కాబట్టి మళ్ళీ మొలవచ్చని, అలాగని మాటివ్వలేనని చెప్పారు. ఆ చివరి మాటకే ఆయనకు నా మొదటి నమస్కారం. థైరాయిడ్ పరీక్షా చేయించారు, ఈ రెండూ ఒక్కోసారి జంటగా వస్తాయట. ఆపైన అయిదు వారాలకోసారి తలలో స్టెరాయిడ్ సూదులు. ఒకచోట చర్మం కాస్త సొట్టపడి, మెల్లగా సర్దుకుంది.

కనుబొమలు పోయాకే అసలు ఏడుపు. తలకైతే గుడ్డ చుట్టుకోవచ్చు. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది పాత సహోద్యోగి ఒకావిడ. ఇరవైల్లోనే ఆమెకు ఒంటిమీద వెంట్రుకన్నది లేకుండా పోయింది. "ఎలా ఉన్నావు" అనదు, "ఎప్పుడు రమ్మంటావు" అంటుంది. పెన్సిల్‌తో కనుబొమ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో నేర్పింది. బారిసిటినిబ్ మాత్రల సంగతి, ఈ జబ్బు తీవ్రంగా ఉన్న పెద్దవాళ్ళకు అమెరికాలో 2022లో అనుమతించారని, ఆమె ద్వారానే తెలిసింది. డాక్టరుగారు ఇన్‌ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం, గుండె, నా వయసు అన్నీ లెక్కేసి, ప్రస్తుతానికి వద్దన్నారు.

చిట్కాలు పంపినవాళ్ళకూ థాంక్స్, నిద్రపట్టని రాత్రుల్లో కాలక్షేపమయ్యాయి. "టెన్షన్ తగ్గించుకో" అన్నవాళ్ళకు మాత్రం ఒక మాట: విన్నప్పుడల్లా పెరిగింది.

ఇప్పుడు చెవి వెనక తెల్లటి నూగు వచ్చింది. ఎడమ కనుబొమ తిరిగొచ్చింది, కుడిది ఇంకా గీసుకునేదే. ఆడపడుచు ఆదివారం ఫొటోలు మానలేదు. మొన్నటిదాంట్లో నా జుట్టుకన్నా ఆమె వేలే ఎక్కువ కనబడుతోంది, ఎక్కడ మొలిచిందో చూపించే ఆత్రంలో.