మబ్బుల్లోకి మన పిల్లల్ని ఎప్పుడు పంపుతారు?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో నాసా 2009 నుంచి వేసవిలో డిగ్రీ విద్యార్థులను పరిశోధన విమానం ఎక్కిస్తోంది. ఊరికే కిటికీ పక్కన కూర్చోబెట్టడం కాదు. లోపలి గాలంతా తోడేసిన స్టీలు డబ్బాల వాల్వులు వాళ్లచేతే తిప్పించి బయటి గాలిని పట్టిస్తారు, దిగాక అందులో ఏయే వాయువులున్నాయో ల్యాబులో తేల్చి, చివర్లో ఆ ఫలితాలు వాళ్లే అందరి ముందూ చెప్పాలి. తక్కువ ఎత్తులో కుదుపులకు కొందరికి వాంతులు కూడా అవుతాయి, అదీ శిక్షణే అనుకోండి. సరే, అది అక్కడి పిల్లలకు. మరి మనవాళ్లకో?

మన ఎమ్మెస్సీ పిల్లలకు ఫార్ములాలు కంఠతా వచ్చు. కానీ సెకనుకు 100 మీటర్ల వేగంతో పోయే విమానానికి థర్మామీటరు బిగిస్తే, ఎదురుగాలి దానికి కొట్టుకుని ఆగడం వల్లనే దాదాపు 5 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుందని, ఆ వేడిని లెక్కకట్టి తీసేస్తే తప్ప బయటి గాలి అసలు ఉష్ణోగ్రత తెలియదని ఎంతమందికి తెలుసు? పైగా మబ్బులో దూరగానే సెన్సర్ తడుస్తుంది, ఆ తడి ఆరుతూ దాన్ని చల్లబరుస్తుంది, అప్పుడు తప్పు రెండోవైపుకు, అంటే తక్కువ చూపించే వైపుకు పోతుంది. గాలిని లోపలికి లాగే గొట్టంతో ఇంకో తంటా: లాగే వేగం బయటి వేగంతో సరిపోకపోతే పెద్ద ధూళి కణాల లెక్క తారుమారు. ఇవన్నీ బోర్డు మీద చెబితే బుర్రకెక్కవు, పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి అంటున్నా.

పోనీ మనకేమీ లేవా అంటే అదీ కాదు. 2009లో పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల కైపీక్స్ అనే మబ్బుల పరిశోధన కార్యక్రమం విమానం మబ్బులను కొలవడానికి హైదరాబాద్ నుంచి కూడా ఎగిరింది. అక్కడే ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్నారెస్సీకి సర్వే విమానాలున్నాయి, ఈసీఐఎల్ దగ్గర టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. మా తిరుపతి పక్కన గాదంకిలో పైగాలులను కొలిచే ఎమ్మెస్టీ రాడార్ ఉంది. 2024లో కేంద్రం వాతావరణ అంచనాలను మెరుగుపరిచే మిషన్ మౌసమ్‌కు 2,000 కోట్లు ఇచ్చింది కూడా.

విమానం గంట ఎగరాలంటే ఖర్చే, పర్మిషన్ల తలనొప్పి వేరే, సీట్లా నాలుగైదుకు మించవు, ఒప్పుకుంటాను. కానీ ఎలాగూ ఎగిరే పరిశోధన విమానంలో ఏడాదికోసారి రెండు సీట్లు విద్యార్థులకు ఇవ్వలేరా? విమానం గాదంకి మీద చుట్లు తిరుగుతూ పైకెళ్తుంటే, మిగతా క్లాసు అదే సమయానికి కింద నుంచి ఉష్ణోగ్రత కొలిచే పరికరం కట్టిన బెలూన్ వదులుతుంది. సాయంత్రం విమానం లెక్క, బెలూన్ లెక్క పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లనే వెతకనివ్వండి.

– ఒక ఫిజిక్స్ లెక్చరర్, తిరుపతి